ఛార్జి అప్పగించని కారు

కారుకు సంజాయిషీ నోటీసు ఇవ్వవచ్చునని మా కాలనీలో తీర్మానం జరిగిన సాయంత్రం నేను వరండాలో కూర్చుని పచ్చిమిరపకాయల తొడిమలు తీస్తున్నాను. షెడ్డు వైపు నుంచి చప్పట్లు వినిపించాయి. చప్పట్లంటే నాకు భయం. ఎవరికో వీడ్కోలు చెబుతున్నారేమోననిపిస్తుంది. వీడ్కోళ్ళు నాకు పడవు. రైలు స్టేషనుకు వెళ్ళడం ఎప్పుడో మానేశాను. ఖాళీ గ్యాసు సిలిండరును తీసుకెళ్తున్నా గేటు దాకా వెళ్ళి, బండి మలుపు తిరిగేదాకా చూసి గానీ లోపలికి రాలేను.

ఇది వీడ్కోలు కాదు, నోటీసు మాత్రమేనని తెలిసి మళ్ళీ మిరపకాయల మీద పడ్డాను. అక్కడే పొరపాటు జరిగింది.

మాది కాకినాడలో రిటైరైన ఉద్యోగుల కాలనీ. రకరకాల ఆఫీసుల వాళ్ళం ఉన్నాం. మా ఆయన ఆఫీసరు గారి జీపు నడిపేవారు. ఆయన పోయాక ఇంట్లో మిగిలింది నేను, ఆయన ముచ్చటపడి కొనుక్కున్న పాత కారు. నడపడం కూడా ఆయనే నేర్పారు. బజారుకైనా లైబ్రరీకైనా నేనే నడుపుకుంటూ వెళ్తాను. దారిలో సైకిళ్ళు నన్ను దాటిపోతుంటాయి. దాటిపోయేవాళ్ళు క్షేమంగా వెళ్తే చాలు.

షటిల్ కోర్టు పక్కన రేకుల షెడ్డులో మా కాలనీ కారు ప్రియుల సంఘం కూర్చుంటుంది. సంఘమంటే ప్రధానంగా ముగ్గురు.

పానకాలు గారు సహకార బ్యాంకులో పనిచేసి వచ్చారు. ఆయన దృష్టిలో కారంటే ధర. కొనే ధర కాదు, అమ్మితే వచ్చే ధర. కొత్త కారు తాళం చేతికి తీసుకుంటూనే "అయిదేళ్ళ తరవాత దీన్నెవడు కొంటాడండీ?" అని అడిగిన మనిషి.

వీరభద్రం గారు కరెంటాఫీసులో ఇంజనీరు. ఆయన దృష్టిలో కారంటే రేకు మందం. ఎవరి కారు కనిపించినా తలుపు తెరిచి, మూసి, ఆ చప్పుడును కళ్ళు మూసుకుని వింటారు. ధబ్‌మంటే ఇంజనీరింగు. టప్‌మంటే మోసం.

సోమయాజులు గారు ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షన్ సూపరింటెండెంటు. ఉద్యోగకాలమంతా ఇతరుల సెలవులు, ఇంక్రిమెంట్లు, బదిలీలు రాసి అలసిపోకుండా రిటైరయ్యారు. ఆయన దృష్టిలో కారంటే నమ్మకం. "ఎక్కినచోట కదిలిందా, దిగాల్సినచోట ఆగిందా. మిగతాదంతా అలంకారం" అనేవారు. సంఘానికి అధ్యక్షులు కూడా ఆయనే.

ఏళ్ళ తరబడి ఈ ముగ్గురూ వాదించుకున్నారు, ఎవరికీ హాని జరగలేదు. ఒకరోజు వానలో వీరభద్రం గారి కారు సరిగ్గా షెడ్డు ముందుకొచ్చి ఆగిపోయింది.

"ధబ్‌మందాండీ?" అన్నారు సోమయాజులు గారు.

వీరభద్రం గారికి మండింది. "మీ డబ్బా కదుల్తుందండీ, కాదన్లేదు. ఎవడైనా గుద్దితే అప్పడమే!"

"గుద్దించుకోడానిక్కూడా రోడ్డు దాకా వెళ్ళాలి కదండీ. మీది వెళ్తే గదా!"

"మీ రెండూ కలిపి అమ్మినా నా బండికి వైపర్లు రావు" అన్నారు పానకాలు గారు, ఎవరూ అడక్కుండానే.

మాటా మాటా పెరిగింది. పకోడీల పొట్లం కింద పడింది. అప్పుడు సోమయాజులు గారు హఠాత్తుగా శాంతించారు. ఆయన శాంతిస్తే ప్రమాదమని ఆయన కింద పనిచేసినవాళ్ళు చెబుతారు.

"మనం ఇన్నేళ్ళు ఆఫీసుల్లో పనిచేశాం. ఫలానా గుమాస్తా మంచివాడా కాదా అని ఎప్పుడైనా కొట్టుకున్నామా? లేదు. ఫైలు పెట్టాం. కార్లకు ఫైల్లేదు. అదండీ జబ్బు!"

అలా మా కాలనీ వాహన సర్వీసు నిబంధనలు పుట్టాయి. కాలనీలో నిలిపే ప్రతి కారూ ఆ ఇంట్లో ఉద్యోగి. దానికి నియామకం, ప్రొబేషన్, సెలవులు, రహస్య నివేదిక, బదిలీ, క్రమశిక్షణ అన్నీ వర్తిస్తాయి. నేను విన్న చప్పట్లు వాటికే.

మొదటి నోటీసును వీరభద్రం గారి కారు వైపరు కింద పెట్టారు. "వర్షము కురియుచున్న సమయమున విధి నిర్వహణయందు నిలిచిపోయి తీవ్రమైన అలసత్వము ప్రదర్శించినందున, తమపై క్రమశిక్షణా చర్య ఏల తీసుకొనరాదో మూడు దినములలోగా లిఖితపూర్వకముగా తెలియజేయవలెను" అని కారును ఉద్దేశించి రాశారు.

కారు ఏమీ తెలియజేయలేదు. మౌనాన్ని నేరాంగీకారంగా పరిగణించి సస్పెండ్ చేశారు. సస్పెన్షన్‌లో ఉన్న ఉద్యోగి హెడ్‌క్వార్టర్స్ విడిచి వెళ్ళరాదు కాబట్టి కారు గేటు దాటకూడదు. జీవన భృతి కింద, సగం జీతంలాగా, రోజూ మామూలుగా పోసే పెట్రోలులో సగం పోయాలి.

"కదలని బండికి పెట్రోలెందుకండీ?" అని వీరభద్రం గారు లబలబలాడారు.

"సస్పెండైనవాడు తినడా? భృతి ఆపడం అమానుషమండీ" అన్నారు సోమయాజులు గారు. ఆయన గొంతులో నిజంగానే జాలి ఉంది.

తర్వాత పానకాలు గారి వంతు వచ్చింది. ఆయనది కొత్త కారు కాబట్టి ప్రొబేషన్. ప్రొబేషనర్లకు స్వతంత్ర బాధ్యతలు అప్పగించరాదు. ముందొక సీనియర్ కారు వెళ్తుంటే దాని వెనక వెళ్ళి పని నేర్చుకోవచ్చు. పానకాలు గారు పాలకేంద్రానికి వెళ్ళాలంటే గేటు దగ్గర ఇంజను ఆన్ చేసుకుని, అటుగా వెళ్ళే పాత కారు కోసం ఎదురుచూసేవారు. ఒకసారి ఎవరి వెనకో పడి సామర్లకోట వెళ్ళిపోయి, పాలు అక్కడే కొనుక్కుని వచ్చారు.

"నేర్చుకుంటోందండీ" అని మాత్రం గర్వంగా చెప్పారు.

సోమయాజులు గారు తన కారుకు మినహాయింపు ఇచ్చుకోలేదు. అది ఇంతవరకూ ఒక్కరోజు కూడా సెలవు వాడుకోలేదని, ఆర్జిత సెలవు మురిగిపోతోందని లెక్క తేల్చి, దాన్ని దీర్ఘకాలిక సెలవుపై పంపి పైన కవరు కప్పారు. తాను కాలినడకన తిరిగారు. నిజాయితీపరుడు.

జూన్‌లో సాధారణ బదిలీలు వచ్చాయి. ఒకే ఇంట్లో మూడేళ్ళకు మించి ఉన్న కార్లు స్థానికంగా పాతుకుపోతాయని, యజమాని ఎటు తిప్పితే అటు తిరగడానికి అలవాటు పడతాయని, ఇది నిష్పాక్షిక పరిపాలనకు విరుద్ధమని ఉత్తర్వులు వెలువడ్డాయి. మా ఎదురింటి కారు వెనక వీధికి, వెనక వీధి కారు మా ఎదురింటికి వెళ్ళాయి. సీటు దూరం కుదరక, అద్దం ఎత్తు కుదరక ఆ రెండిళ్ళవాళ్ళూ ఆటోల్లో తిరిగారు. ఒకాయన తన కారు బదిలీని ఆపించుకోవడానికి, ఇంట్లోని స్కూటరుతో దానికి భార్యాభర్తల కోటా వర్తిస్తుందని అర్జీ పెట్టాడు. వివాహ ధ్రువపత్రం జతచేయనందున అర్జీని తిరస్కరించారు.

పెద్ద వయసని మా కారును మాత్రం బదిలీ చేయలేదు. ఇదంతా నేను వరండాలోంచి చూస్తూ నవ్వుకున్నాను. ఆ తర్వాత పదవీ విరమణ నిబంధన వచ్చింది.

కారుకు ఒక ఏడాది మనిషికి నాలుగేళ్ళతో సమానమని సోమయాజులు గారు నిర్ణయించారు. ఎందుకు నాలుగని ఎవరో అడిగితే, "అయిదైతే మరీ అన్యాయమండీ" అన్నారు. ఆ లెక్కన పదిహేనేళ్ళకు కారుకు అరవై నిండుతాయి. మా కారు వయసు ఆ లెక్కలో వేసి చూస్తే అది ఎప్పుడో వానప్రస్థానికి వెళ్ళి ఉండాలి.

సోమయాజులు గారే స్వయంగా వచ్చి చెప్పారు.

"అక్కయ్యగారూ, మీ కారును సగౌరవంగా సాగనంపుతున్నామండి. వచ్చే ఆదివారం సభ. ముఖ్య అతిథిగా అప్పలకొండ వస్తున్నాడు."

"అప్పలకొండ ఎవరండీ?"

"పాత బళ్ళు విప్పి తుక్కుకి అమ్మేవాడండి. సభ అవగానే తీసుకెళ్ళిపోతాడు. మళ్ళీ మళ్ళీ పిలవడం ఎందుకని."

కారు ఇంకా నడుస్తోందన్నాను. "నడుస్తుండగానే గౌరవంగా తప్పుకోవాలండి. మేమంతా తప్పుకోలేదూ?" అన్నారు. అప్పటికి నేను నా వైపు నుంచి ఎంతోమందిని సాగనంపాను. ఇంజను ఆపాక కూడా కాసేపు గుడుగుడుమని ఏదో చెప్పుకునే ఆ ఒక్క ప్రాణాన్నీ గొలుసులు కట్టి లారీ ఎక్కిస్తుంటే చూడలేనని సోమయాజులు గారికి ఏ సెక్షను కింద చెప్పాలో నాకు తెలియలేదు.

ఆదివారం షెడ్డు ముందు షామియానా వేశారు. మా కారును కడిగి, బానెట్‌కు బంతిపూల దండ వేసి, వేదిక పక్కన నిలబెట్టారు.

పానకాలు గారు మొదట మాట్లాడారు. "ఈ కారు ధర ఇవాళ సున్నా. సున్నా కన్నా తగ్గే వీల్లేదు. అంటే ఈ కాలనీ మొత్తానికి ఇక విలువ పడిపోని కారు ఇదొక్కటేనని సవినయంగా మనవి చేస్తున్నాను." చప్పట్లు.

తర్వాత వీరభద్రం గారి వంతు. మైకు పట్టుకెళ్ళి కారు తలుపు దగ్గర పెట్టి, తలుపు మూశారు. షామియానా గుంజలు అదిరాయి. ఆయన కళ్ళు తుడుచుకున్నారు. "ఈ చప్పుడింక రాదండి. అంతే" అని కూర్చున్నారు.

అప్పలకొండకు వేదికలు కొత్త. "నేను శానా బళ్ళు ఇప్పానండి. పూలదండేసిన బండి ఇప్పడం ఇదే మొదలండి. ఆయ్" అని దండం పెట్టాడు. శాలువా బానెట్ మీద కప్పితే జారిపోతోందని చివరికి అతనికే కప్పారు. అతను నా దగ్గరికొచ్చి, నెమ్మదిగా, "బేటరీ మీరు ఉంచుకుంటారా అమ్మా, నన్ను తీసుకోమంటారా?" అని అడిగాడు. ఆప్యాయంగానే అడిగాడు. నేను కుర్చీ చేతులు పట్టుకున్నాను.

లారీ వెనక్కి వచ్చింది. గొలుసు దించారు. సోమయాజులు గారు రిలీవింగ్ ఉత్తర్వుల మీద సంతకం పెట్టబోయి, కలం గాలిలోనే ఆపారు.

"ఛార్జి ఎవరు తీసుకుంటున్నారు?"

ఎవరికీ అర్థం కాలేదు.

"ఈ కారు తన బాధ్యతలు ఎవరికి అప్పగిస్తోందండీ? జాకీ ఉంది, స్టెప్నీ ఉంది. అక్కయ్యగారిని లైబ్రరీకి తీసుకెళ్ళే పని ఉంది. ఛార్జి అప్పగించకుండా రిలీవ్ చేస్తే రేపు ఆడిట్‌లో నా మెడకు చుట్టుకుంటుంది."

"ఏ ఆడిటండీ?" అన్నారు పానకాలు గారు.

"ఏదో ఒక ఆడిటండీ! ఆడిట్ లేకుండా లోకం ఉంటుందా?"

ఆ మాటకు ఎదురు చెప్పే ధైర్యం రిటైరైన ఉద్యోగుల్లో ఎవరికీ లేదు. వారసుణ్ణి, అంటే కొత్త కారును, నియమించాకే పాతదాన్ని పంపాలని తేలింది. ఏ కారు కావాలని నన్నడిగారు.

"నాకేం తెలుసండీ. మీరు ముగ్గురూ కలిసి ఏది మంచిదంటే అది కొనుక్కుంటాను" అన్నాను.

ఇది తెలివితో అన్న మాట కాదు, వణుకుతో అన్న మాట. కానీ అన్నాక ఆ ముగ్గురి మొహాలూ చూసి, నా వణుకు కొంత తగ్గింది. అప్పలకొండ శాలువాతో, ఖాళీ లారీతో వెళ్ళిపోయాడు. "కబురెట్టండి, వచ్చేత్తాను" అన్నాడు.

మర్నాటి నుంచి మా కారు హోదా మారింది. అది ఇప్పుడు ఇన్‌ఛార్జి. కాలనీలో మిగతా కార్లన్నీ సస్పెన్షన్‌లోనో, ప్రొబేషన్‌లోనో, సెలవులోనో, బదిలీలోనో ఉండటం వల్ల వాటి పనులన్నీ మా కారుకే పూర్తి అదనపు బాధ్యతలుగా అప్పగించారు. కాన్పుకు వెళ్ళేవాళ్ళు, కంటి పరీక్షకు వెళ్ళేవాళ్ళు, పెళ్ళి చూపులకు వెళ్ళేవాళ్ళు అందరూ మా కారే ఎక్కారు. దాని వారసుణ్ణి వెతకడానికి నియమించిన కమిటీ కూడా, వేరే బండి లేక, దాన్లోనే షోరూములకు బయల్దేరింది.

వీరభద్రం గారు ముందు సీట్లో, మిగతా ఇద్దరూ వెనక. నేను స్టీరింగు ముందు.

మొదటి షోరూములో నీలం కోటు వేసుకున్న అమ్మాయి నవ్వుతూ ఎదురొచ్చింది. వీరభద్రం గారు అప్పటికే ఒక తలుపు మూసి వింటున్నారు.

"సర్, అది డిస్‌ప్లే బండండి. నెమ్మదిగా వేయండి సర్."

"నెమ్మదిగా వేస్తే అన్ని కార్లూ మంచివేనమ్మా."

పానకాలు గారు ఆ అమ్మాయిని పక్కకు పిలిచి, "అయిదేళ్ళ తరవాత దీన్ని నువ్వు కొంటావా? నీ గుండె మీద చెయ్యేసుకుని చెప్పు" అన్నారు. ఆ అమ్మాయి తన దగ్గర స్కూటీ ఉందని చెప్పింది.

సోమయాజులు గారు కారు చుట్టూ ప్రదక్షిణం చేసి, "దీని పూర్వ ప్రవర్తన ఎలాంటిది?" అని అడిగారు.

"కొత్త కారండి సర్."

"అదే నేనూ అంటున్నాను. అనుభవం లేదు. దీన్ని నమ్మడం ఎలా? పదిహేనేళ్ళు ఎక్కడా ఆగకుండా నడిచిందని రుజువు చూపించండి, ఇప్పుడే నియమిస్తాను."

"పదిహేనేళ్ళు నడిస్తే రిటైరవ్వాలి కదండీ, సోమయాజులు గారూ?" అన్నారు వీరభద్రం గారు.

"అవ్వాలి. నియామకం, విరమణ ఒకేరోజు పెట్టుకోవచ్చు. నిబంధనలు అడ్డురావు."

ఇలా వారాలు గడిచాయి. ధర నచ్చితే రేకు పల్చన. రేకు నచ్చితే రిపేరు ఖర్చు. రెండూ నచ్చితే పూర్వ ప్రవర్తన లేదు. ఒక కారును సీటు బెల్టు మరీ పొగరుగా మోగుతోందని కాదన్నారు. ఇంటికొచ్చే దారిలో ముగ్గురూ ఒకరి మీద ఒకరు అరుచుకునేవాళ్ళు. నేను వాళ్ళ అరుపుల మధ్య నిశ్చింతగా నడిపేదాన్ని. మా కారు కూడా, నా భ్రమో ఏమో, ఆ రోజుల్లో హుషారుగా స్టార్టయ్యేది.

ఒక గురువారం ఘోరం జరిగింది.

ఊరి బయట కొత్తగా తెరిచిన షోరూములో, మధ్యరకం కారు ఒకటి ఉంది. వీరభద్రం గారు తలుపు మూశారు. ధబ్‌మంది. ఆయన కళ్ళు మూసుకుని చాలాసేపు నిలబడ్డారు. మళ్ళీ మూశారు. తప్పు దొరకలేదు. పానకాలు గారు ఎవరో బ్రోకరుకు ఫోను చేశారు. అయిదేళ్ళు కాదు, ఏడేళ్ళు వాడినా కళ్ళకద్దుకుని కొంటారని అతను చెప్పాడట. సోమయాజులు గారికి పిఠాపురంలో తన పెత్తండ్రి కొడుకు ఇదే రకం కారును టాక్సీగా తిప్పుతున్నాడని, అది ఒక్కపూట కూడా మొరాయించలేదని గుర్తొచ్చింది.

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"అయితే… తేలిపోయినట్టేనంటారా?" అన్నారు పానకాలు గారు.

"తేలిపోయినట్టే ఉందండి" అన్నారు వీరభద్రం గారు.

"అభ్యంతరాలేమీ లేనందున…" అని సోమయాజులు గారు మొదలుపెట్టి ఆపేశారు. ఆయన వాక్యం మధ్యలో ఆపడం నేను అంతకుముందు చూడలేదు.

రేపు అడ్వాన్సు కట్టి మాట ఖాయం చేస్తామని చెప్పి బయటికొచ్చాం. తాళం రెండుసార్లు జారిపోయింది. వారం తిరిగేలోగా కొత్తది వస్తుంది, జాకీ అప్పగిస్తారు, అప్పలకొండకు కబురు వెళ్తుంది. నేను స్టీరింగును మామూలుకన్నా గట్టిగా పట్టుకున్నాను.

కారు బయల్దేరింది. కిటికీ అద్దం గలగల, డాష్‌బోర్డు కింద ఏదో టకటక, ఇన్నాళ్ళూ వాళ్ళ అరుపుల్లో వినపడని చప్పుళ్ళన్నీ వినిపించాయి.

చాలాసేపటికి పానకాలు గారు అన్నారు. "రేపట్నుంచి సాయంత్రాలు షెడ్డుకి రావక్కర్లేదేమో కదండీ."

"దేనికొస్తామండీ. తేలిపోయాక" అన్నారు వీరభద్రం గారు. "మావాడు పెద్ద టీవీ కొన్నాడు. అది చూసుకుంటాను."

"నాకు ఇంట్లో బోలెడన్ని పనులున్నాయి" అన్నారు సోమయాజులు గారు.

ఆయనకు ఇంట్లో పనుల్లేవు. ఇంట్లో మనుషులూ లేరు. పనిమనిషి పొద్దున్నే వచ్చి వెళ్ళాక, మళ్ళీ సాయంత్రం షెడ్డుకు వచ్చేదాకా ఆయనతో మాట్లాడేవాళ్ళు లేరని కాలనీ అంతటికీ తెలుసు.

నేను అద్దంలోకి చూశాను. వెనక ఇద్దరూ చెరొక కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. పక్కన వీరభద్రం గారు ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చున్నారు. ఆ మొహాలు నాకు బాగా తెలిసినవి. రైలు వెళ్ళిపోయాక ప్లాట్‌ఫారం మీద మిగిలిపోయినవాళ్ళవి. చెయ్యి ఊపడం అయిపోయింది, ఇంటికి వెళ్ళాలని గుర్తు రావడం లేదు.

అంతవరకూ నేను నా కారు గురించే బెంగపెట్టుకున్నాను.

"అన్నట్టు" అన్నాను. "రంగు ఏదంటారండీ?"

వెనక సీటు స్ప్రింగు కిర్రుమంది. సోమయాజులు గారు నిటారుగా కూర్చున్నారు.

"తెలుపు. అందులో అనుమానం ఏముందండీ?" అన్నారు పానకాలు గారు. "తెల్లబండికి గిరాకీ ఎప్పుడూ పడిపోదు."

"తెలుపా!" వీరభద్రం గారు సీట్లో పూర్తిగా వెనక్కి తిరిగారు. "మన సముద్రపు గాలికి చిన్న తుప్పు చుక్క పడినా తెల్లదాని మీద ఊరంతటికీ కనబడుద్దండీ!"

"కనబడితే ముందే అమ్ముకోవచ్చు కదండీ!"

"ఆగండాగండి" అన్నారు సోమయాజులు గారు. గొంతులో ఖంగుమనే ఆ పాత మోత తిరిగొచ్చింది. "తెలుపు గెజిటెడ్ అధికారుల రంగు. అక్కయ్యగారి భర్త నాన్ గెజిటెడ్. ఆ కుటుంబానికి తెలుపు మంజూరు చేయాలంటే ముందు హోదా సమానత్వం తేల్చాలి. ఉపసంఘం వేయకుండా ఒక్క అడుగు ముందుకు కదల్దు!"

"మీ హోదా తగలెయ్య, అది కారండీ!"

"కారే! అందుకే ఫైలుండాలంటున్నాను!"

"ఇద్దరూ ఆగి నా మాట వినండి" అన్నారు పానకాలు గారు. "తెలుపు వద్దంటే పోనీ, బూడిద రంగు…"

"బూడిదా! బూడిద పోసుకున్న బండెవడు కొంటాడండీ పానకాలు గారూ, మీరనాల్సిన మాటేనా అది?"

కాలనీ గేటు వచ్చింది. వాచ్‌మన్ మమ్మల్ని చూసి గేటు బార్లా తెరిచి పట్టుకున్నాడు. నేను తిప్పలేదు. నేరుగా ఉప్పాడ రోడ్డు వైపు పోనిచ్చాను. వాచ్‌మన్ గేటు పట్టుకునే నోరు తెరిచి చూస్తున్నాడు. కారులో ముగ్గురిలో ఒక్కరూ గమనించలేదు.

రంగు తేలినా పరవాలేదు. సీటు కవర్లున్నాయి.